ఇంటికి వచ్చిన వేట మాంసంలో సీసం ఉంటుందా? తూటాల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేటప్పుడు తగరంలో సీసం కలిపితే ఏమవుతుందో రాశాను కదా, అప్పట్నుంచీ సీసం మీదే ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు. అందులో తూటాల గురించి ఇన్ని వస్తాయని నేననుకోలేదు. కొన్ని అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి, కొన్ని ఇక్కడి పొలాల గురించి. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మా అబ్బాయి అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. రెండు మూడేళ్ళ నుంచి ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి లైసెన్స్ తీసుకుని జింక వేటకి వెళ్తున్నాడు, అక్కడ అది మామూలేనట. మొన్న నవంబర్లో ఒక జింకని కొట్టి ఆ మాంసం అంతా కీమా చేయించి ఫ్రీజర్ నింపాడు. కోడలికి ఇప్పుడు ఐదో నెల. కాన్పుకి నేను వెళ్తున్నా, వండిపెట్టేది కూడా నేనే. తూటా సీసంతో చేస్తారు కదరా అని అడిగితే "అమ్మా, తూటా దిగిన చోట చుట్టూ కోసి పారేశాం, శుభ్రంగా కడిగాం, ఏం కాదు" అంటున్నాడు. నిజంగానే ఏం కాదా? (ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ అనుమానం నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. ఆ కీమా కోడలికి పెట్టొద్దు, ఒక్క ముద్ద కూడా. సీసం తూటాతో కొట్టిన జింకే అయితే ఇందులో సర్దుకుపోవడానికి ఏమీ లేదు.

ఎందుకో చెప్తా, మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి. వేట రైఫిల్‌లో మామూలుగా వాడే బుల్లెట్ లోపల సీసం ఉంటుంది, పైన పల్చటి రాగి తొడుగు ఉంటుంది. సీసం చాలా మెత్తటి లోహం కాబట్టి సెకనుకి ఎనిమిది తొమ్మిది వందల మీటర్ల వేగంతో వెళ్ళి ఎముకకో కండకో తగిలినప్పుడు ముందు భాగం చిట్లిపోతుంది, చిట్లి ఆ ముక్కలు అన్ని వైపులకీ ఎగురుతాయి. వాటిలో పెద్దవి కంటికి కనపడతాయి, నోట్లో పడితే పంటికింద రాయిలా తగులుతాయి, వాటితో భయం లేదు, తీసి పారేస్తాం. అసలు సమస్యంతా ఇసుక రేణువు కంటే చిన్నగా ఉండేవాటితోనే, అవి కనపడవు, నమిలినా తెలీవు. 2008లో మీ అబ్బాయి ఉంటున్న మిన్నెసోటాలోనే అక్కడి వన్యప్రాణి శాఖవాళ్ళు గొర్రెల కళేబరాల మీద రకరకాల బుల్లెట్లు కాల్చి ఎక్స్-రేలు తీసి చూస్తే, గాయం దగ్గర్నుంచి అడుగు దూరం దాకా సీసం తునకలు కనపడ్డాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది, కళేబరాన్ని నీళ్ళతో కడిగితే గాయం దగ్గర సీసం కొంత తగ్గినా, అది కొత్త చోట్లకి పాకింది. అంటే మీ అబ్బాయి "చుట్టూ కోశాం, కడిగాం" అన్నాడు చూశారా, ఆ రెండూ సరిపోవని వాళ్ళ రాష్ట్రంలోనే తేలిన విషయం. అదే ఏడాది పక్కన నార్త్ డకోటాలో పేదలకి ఉచితంగా ఇచ్చే ఆహార కేంద్రాల్లో ఉన్న జింక కీమాని వాడొద్దని ఆరోగ్య శాఖే చెప్పింది.

కీమా అయితే ఇంకా ఇబ్బంది. ముక్కల కూరలో అయితే సీసం ఏదో ఒక ముక్కలో ఉండిపోతుంది, అదే మిషన్‌లో వేస్తే ఒక్క తునకే వంద తునకలై మొత్తం కీమాకి పట్టేస్తుంది. పైగా మన వంట సంగతి మీకు నేను చెప్పేదేముంది, పెరుగూ నిమ్మకాయా పట్టించి నానబెడతాం, చింతపండు పులుసు పోస్తాం. సీసానికి పులుపు తగిలితే కరుగుతుంది, కరిగిన సీసాన్ని ఒళ్ళు తేలిగ్గా పీల్చుకుంటుంది. అందుకని మసాలా దట్టించి బాగా ఉడికించేస్తే పోతుందిలే అనుకోకండి, అది క్రిమి కాదు చావడానికి, లోహం, ఎంత ఉడికించినా అక్కడే ఉంటుంది.

గర్భిణి విషయంలో ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఒంట్లోకి వెళ్ళిన సీసాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచిపెడుతుంది, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. కడుపులో బిడ్డకి ఎముకలు తయారయ్యే టైములో తల్లి ఎముకల్లోంచి కాల్షియం బయటికొస్తుంది కదా, దాంతోపాటు ఈ సీసమూ వస్తుంది, వచ్చి మాయని దాటుకుని బిడ్డకి చేరుతుంది. పిల్లల మెదడు మీద, చదువు మీద, ప్రవర్తన మీద దాని దెబ్బ పడుతుంది, పడ్డాక వెనక్కి తీసుకోలేం. చిన్నపిల్లలైతే తిన్న సీసాన్ని పెద్దవాళ్ళ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టించుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగలిగే లెవెల్ సీసానికి లేనే లేదంటుంది.

అలాగని ఇప్పటిదాకా తిన్నదానికి బెంబేలెత్తిపోకండి. మన వైపు సీసం అనగానే అందరికీ 2020 డిసెంబర్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం గుర్తొస్తుంది, అప్పుడు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది కూడా, తర్వాత నిపుణులు పురుగుమందుల వైపు చూపించారు. వేట మాంసం వల్ల అలా పడిపోవడం జరగదు, చిన్న మోతాదులో నెమ్మదిగా చేరుతుంది. నార్త్ డకోటాలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ళు రక్త పరీక్షలు చేస్తే వేట మాంసం తినేవాళ్ళకి తిననివాళ్ళ కంటే డెసిలీటరు (వంద మిల్లీలీటర్లు) రక్తానికి 0.3 మైక్రోగ్రాముల సీసం ఎక్కువ ఉంది. పెద్దవాళ్ళకి అదేమంత పెద్ద సంఖ్య కాదు. కడుపుతో ఉన్న మనిషికి మాత్రం తీసేయగలిగిన సీసం ఏదైనా తీసేయాల్సిందే. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు బ్లడ్ లెడ్ టెస్ట్ (రక్తంలో సీసం పరీక్ష) రాయమని కోడల్ని అడగమనండి, జింక మాంసం తిన్నామని దాచకుండా చెప్పమనండి. పిల్లల్లో 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని సీడీసీ 2021 నుంచి చెప్తోంది. ఇక పాలు, రాగి జావ, ఆకుకూరలు మీరు ఎలాగూ పెడతారు, కాల్షియం, ఐరన్ తక్కువైన ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి ఇక్కడ అవి నిజంగా పనికొస్తాయి.

మీ అబ్బాయిని వేట మానేయమని నేను అననండి, అది అక్కడి చట్టంలో ఉన్న పని, జింకల సంఖ్య అదుపులో ఉండాలని ప్రభుత్వమే పర్మిట్లు ఇస్తుంది. బుల్లెట్ మార్చమని మాత్రం చెప్పండి. పూర్తి రాగితో చేసినవి అక్కడి షాపుల్లో దొరుకుతాయి, కింద ఇంకో కుర్రాడికి రాసిన జవాబు ఆయనకి కూడా పనికొస్తుంది. వచ్చే సీజన్లో రాగి బుల్లెట్‌తో కొట్టిన మాంసం తెస్తే, బాణంతో కొట్టినదైనా సరే, సీసం భయం లేకుండా మీరే వండి పెట్టొచ్చు. ఒక్కటి చూసుకోండి, కీమా ఎక్కడ వేయించాడో అడగండి. పదిమంది జింకలూ ఒకే మిషన్‌లో వేసే చోటైతే పక్కవాడి సీసం మనకొస్తుంది.

ప్రశ్న: సార్, మాది విజయవాడ పటమట, నేను మూడేళ్ళుగా కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర జాబ్ చేస్తున్నా, హెచ్-1బీ మీద. అడవి పందుల వేటకి వెళ్దామని హంటర్ ఎడ్యుకేషన్ చేసి లైసెన్స్ తీసుకున్నా. కొనబోయేది .308 రైఫిల్. ఇక్కడ లెడ్ వాడకూడదంట, లెడ్-ఫ్రీ తూటాలేమో షాప్‌కి వెళ్తే ఒక్కోసారి ఉండవు, ఉన్నా రేటు బాగా ఎక్కువ. నాతో పనిచేసే అమెరికన్ ఫ్రెండ్ తన గ్యారేజ్‌లో సొంతంగా తూటాలు లోడ్ చేసుకుంటాడు, నేర్పిస్తా రమ్మంటున్నాడు. వెళ్ళొచ్చా? రాగి బుల్లెట్ సరిగ్గా పనిచేయదని కొందరు అంటున్నారు, నిజమేనా? అమ్మ మీ కాలమ్ చదివి మిమ్మల్ని అడగమంది. (విజయవాడ కుర్రాడు)

జవాబు: అమ్మకి నమస్కారం చెప్పు తమ్ముడూ. నీ ప్రశ్నలో అడగనిది ఒకటుంది, ముందు అదే చెప్తా. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి అక్కడి రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. నీకు ఉంది, సంతోషం. కానీ ఆ లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు నీ బీరువాలో ఉన్న పెట్టెడు తూటాలే నీకు కేసవుతాయి, వీసా కూడా పోతుంది. క్యాలెండర్లో రాసి పెట్టుకో, కొనేముందు లాయర్‌తో ఒకసారి మాట్లాడు, దీనికి మాత్రం పిసినారితనం వద్దు.

ఇక కాలిఫోర్నియా రూల్. అక్కడ వేట దేనికైనా సరే, 2019 జులై 1 నుంచి సీసం లేని తూటానే వాడాలి, పందికైనా కుందేలుకైనా. దాని వెనక ఉన్నది కాండోర్ అనే రాబందు. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టుకుని జూలో పెట్టే నాటికి ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 27. పిల్లల్ని పెంచి మళ్ళీ అడవిలో వదిలితే వేటగాళ్ళు వదిలేసిన పేగులూ కళేబరాలూ తిని వాటిలో ఉన్న సీసంతో చచ్చిపోవడం మొదలైంది, ఇప్పటికీ అడవిలో కాండోర్ చావులకి పెద్ద కారణం అదే. మన రాబందుల కథ వేరు, వాటిని చంపింది పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు, 2006లో పశువైద్యంలో నిషేధించారు. ఒక పెద్ద పక్షి అంతరించిపోయే అంచుకి వచ్చిందంటే అక్కడ చనిపోయిన జంతువు ఒంట్లో మనం ఏదో వదిలేశామని అర్థం, రెండు చోట్లా జరిగింది అదే.

షాపులో దొరకడం గురించి. బార్న్స్ వాళ్ళ టీటీఎస్‌ఎక్స్, హార్నడీ వాళ్ళ సీఎక్స్, నోస్లర్ ఈ-టిప్, ఫెడరల్ ట్రోఫీ కాపర్, ఈ పేర్లు గుర్తుపెట్టుకో, .308లో ఇవన్నీ వస్తాయి. వేట సీజన్ మొదలయ్యే ముందు వెళ్తే అల్మారాలు ఖాళీగా ఉంటాయి, సీజన్ అయిపోయాక నెమ్మదిగా ఉన్నప్పుడు కొనుక్కో. వేటకి ఏడాదికి పట్టేది ఒకటో రెండో డబ్బాలు, ప్రాక్టీసుకి మాత్రమే ఎక్కువ ఖర్చవుతాయి. షూటింగ్ రేంజిలో కాగితం మీద కాల్చడానికి వేట రూల్ వర్తించదు కాబట్టి అక్కడ చవక రకంతో చెయ్యి అలవాటు చేసుకుని, చివర్లో రైఫిల్ సైట్ (గురి) సరిచూసుకోవడం మాత్రం రాగి తూటాతోనే చెయ్యి, ఎందుకంటే రెండూ ఒకేచోట తగలవు.

డబ్బా మీద చూసి మోసపోయేది ఒకటుంది. "కాపర్ జాకెటెడ్", "కాపర్ ప్లేటెడ్" అని రాసుంటే అది లోపల సీసమే, పైన మాత్రమే రాగి. మనకి కావాల్సింది "లెడ్ ఫ్రీ" అనో "ఆల్ కాపర్" అనో స్పష్టంగా ఉండాలి. బుల్లెట్‌లో సీసం బరువులో ఒక శాతానికి మించకూడదని అక్కడి రూల్. వన్యప్రాణి శాఖ వార్డెన్ అడవిలో ఆపి అడిగితే చూపించడానికి ఆ డబ్బా దగ్గరే ఉంచుకో, విడి తూటాలు జేబులో వేసుకుని తిరగొద్దు.

రాగి పనిచేయదన్న మాట 1980ల చివర్లో మొదటి రాగి బుల్లెట్లు వచ్చినప్పటిది, అప్పుడు కొన్ని రైఫిళ్ళలో గురి కుదిరేది కాదు, బ్యారెల్లో (తుపాకీ గొట్టంలో) రాగి బాగా పట్టేసేది. తర్వాత బుల్లెట్ ఒంటి చుట్టూ గాడులు పెట్టారు, మొనకి ప్లాస్టిక్ టిప్ పెట్టారు, ఆ గొడవలు చాలావరకు తగ్గాయి. రాగి బుల్లెట్ జంతువుకి తగిలినప్పుడు మొన తామరపువ్వులా నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, చిట్లదు, దాదాపు మొత్తం బరువుతో అవతలికి దూసుకుపోతుంది. కానీ విచ్చుకోవాలంటే వేగం కావాలి. సీసం మెత్తన కాబట్టి నెమ్మదిగా తగిలినా పరుచుకుంటుంది, రాగి అలా కాదు, చాలా రకాలకి తగిలేటప్పుడు సెకనుకి 2000 అడుగులైనా ఉంటే మంచిది. అందుకని మరీ దూరం నుంచి కొట్టొద్దు. అలా కొడితే సూది దిగినట్టు సన్నటి రంధ్రం చేసుకుని వెళ్ళిపోతుంది, ఆ పంది గాయంతో పొదల్లోకి పోయి గంటల తరబడి చస్తుంది. ఆ బాధ ఏ జంతువుకీ పెట్టకూడదు, వేటకి వెళ్ళేవాడికి అన్నిటికంటే ముందు ఉండాల్సిన బాధ్యత అది. నీకు నమ్మకంగా కుదిరే దూరం ఎంతో రేంజిలో తెలుసుకుని దానికి లోపలే ఉండు.

ఇప్పుడు సొంతంగా లోడ్ చేసుకోవడం. ఫ్రెండ్‌కి అనుభవం ఉంటే, పక్కన కూర్చుని నేర్పిస్తానంటే, నేర్చుకో. తప్పు లేదు, అక్కడ సొంత వాడకానికి చేసుకోవడం మామూలే. కానీ రాగితో చేసేటప్పుడు సీసం లెక్కలు పనికిరావు, ఎందుకో అర్థం చేసుకుంటే జీవితాంతం గుర్తుంటుంది. సీసం సాంద్రత 11.3, రాగిది 9 కంటే కొంచెం తక్కువ. అంటే ఒకే బరువుకి రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. తూటా మొత్తం పొడుగు పెంచడానికి లేదు, మ్యాగజైన్లో పట్టాలి కదా, కాబట్టి ఆ పెరిగిన పొడుగంతా కేసు (పౌడర్ ఉండే ఇత్తడి గొట్టం) లోపలికి దిగుతుంది, పౌడర్ ఉండాల్సిన చోటు తగ్గిపోతుంది, ప్రెషర్ పెరుగుతుంది. పైగా రాగి గట్టిది, బ్యారెల్లో సీసంలా సులువుగా జారదు. ఈ రెండూ కలిసినప్పుడు, 165 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు) సీసం బుల్లెట్‌కి రాసిన పౌడర్ కొలత 165 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కి వేస్తే రైఫిల్ మొహం మీదే పేలే ప్రమాదం ఉంది. ఆ బుల్లెట్ తయారుచేసిన కంపెనీ ఆ బుల్లెట్‌కే ఇచ్చిన పట్టిక చూడు, దాంట్లో రాసిన మొదటి కొలతతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచు, ఎవరో చెప్పిన కొలత, ఎక్కడో చూసిన కొలత వెయ్యొద్దు. ఫ్రెండ్ చెప్పినా సరే పుస్తకంలో సరిచూసుకో.

బరువు విషయంలో ఒక మెట్టు కిందికి దిగడం మంచిది. నాన్న తరం వాళ్ళు .308లో 180 వాడేవాళ్ళు, రాగిలో 150 గానీ 165 గానీ చాలు. బరువు పోకుండా లోపలికి దిగుతుంది కాబట్టి తక్కువ బరువే ఎక్కువ పని చేస్తుంది, వేగం కూడా పెరుగుతుంది, అది విచ్చుకోవడానికి పనికొస్తుంది. పొడుగు బుల్లెట్ గాల్లో నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపలి మెలిక కూడా సరిపడా ఉండాలి, తేలిక బుల్లెట్ తీసుకుంటే ఆ చిక్కూ తప్పుతుంది. ఇంకోటి, బుల్లెట్‌ని బ్యారెల్ గాడులకి ఆనించి పెట్టడం కొందరికి అలవాటు. రాగికి అలా వద్దు, అంగుళంలో ఇరవయ్యో వంతు వెనక్కి ఉంచి మొదలుపెట్టమని బార్న్స్ వాళ్ళు చెప్తారు, చాలా రైఫిళ్ళలో అక్కడే గురి బాగా కుదురుతుంది. మొదలుపెట్టే ముందు బ్యారెల్లో పాత బుల్లెట్ల మురికంతా తీసెయ్యి, లేకపోతే గురి కుదరక తప్పంతా రాగిదే అనుకుంటావ్.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. రాగి బుల్లెట్ వేశాం కదా సీసం పని అయిపోయింది అనుకోవద్దు. తూటా వెనక నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటుంది చూడు, మామూలు ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. కాల్చిన కేసుల్లో దాని మసి మిగిలిపోతుంది, ఆ కేసుల్ని పొడి టంబ్లర్లో (తిప్పి మెరుగు పెట్టే మిషన్లో) వేసి మెరుగు పెట్టేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది, తూటాలు లోడ్ చేసుకునేవాళ్ళ ఇళ్ళలో సీసం చేరేది ఎక్కువగా అక్కడి నుంచే. టంబ్లర్ ఇంట్లో నడపొద్దు, గ్యారేజ్ తలుపు తీసి నడపమను, లేదా నీళ్ళతో కడిగే రకం వాడమను. తూటాలు లోడ్ చేసే బెంచి దగ్గర తినడం, కాఫీ తాగడం వద్దు, చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి, పని అవ్వగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు. రేంజికి వెళ్ళొచ్చినా ఇదే పద్ధతి.

ఒక్క మాట, ఇంటికొచ్చేటప్పుడు ఫ్రెండ్స్‌కి చూపించడానికి ఒక తూటా బ్యాగ్‌లో వేసుకుని గన్నవరంలో దిగకు. లైసెన్స్ లేకుండా ఇక్కడ ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. వేటకి వాడిన బ్యాగ్ అయితే ప్రయాణానికి వాడనే వద్దు, ఏ జేబులోనో ఒకటి మర్చిపోయి ఎయిర్‌పోర్టుల్లో దొరికిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: అయ్యా, మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. కొండవీడు కొండల వైపు నుంచి అడవి పందులు దిగి మొక్కజొన్న చేను మొత్తం తొక్కేస్తున్నాయి. మా నాన్నగారి పేరు మీద 12 బోర్ తుపాకీ లైసెన్స్ ఉంది. సీసం మంచిది కాదని మీరు రాశారు, సీసం లేని గుళ్ళు మనకి ఎక్కడ దొరుకుతాయి, లేకపోతే ఇనప గుళ్ళతో ఇంట్లో నింపుకోవచ్చా? (రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: అన్నా, రాత్రంతా మంచె మీద కాపలా కాసి తెల్లారి చేను చూసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, కోపం రావడం సహజం. కానీ నువ్వు అడిగిన పని చేస్తే చేను సంగతి దేవుడెరుగు, నువ్వు జైలుకి పోతావు.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం, అడవి పంది కూడా అందులో ఉంది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో (రక్షణ ఉన్న జంతువుల జాబితాలో) పెట్టారు. పంటకి నష్టం చేసే జంతువుని కొట్టడానికి అదే చట్టం 11వ సెక్షన్‌లో దారి ఉంది, కానీ అనుమతి ఇవ్వాల్సింది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఊళ్ళో పెద్దమనుషులు సరే అన్నారంటే చెల్లదు. రెండోది, లైసెన్స్ నాన్నగారిది, నీది కాదు, ఆ తుపాకీ నువ్వు పట్టుకుని కాల్చడమే వేరే కేసు. మూడోది, ఇంట్లో తూటా నింపడం అంటే లైసెన్స్ లేకుండా మందుగుండు తయారు చేయడం, ఆయుధాల చట్టంలో 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్ళకి తగ్గదు. ఇనప గుళ్ళు అసలే వద్దు, పాతకాలం 12 బోర్ బ్యారెల్ మెత్తటి స్టీలుతో ఉంటుంది, ఇనుము దాన్ని గీరేస్తుంది, చోక్ (బ్యారెల్ చివర ఇరుకయ్యే చోటు) దగ్గర బ్యారెల్ ఉబ్బినా ఉబ్బుతుంది, చీలినా చీలుతుంది. ఇక్కడ మామూలుగా దొరికే పుణె ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాల్లో ఉండేది సీసం గుళ్ళే.

కరెంటు తీగలు, నాటు బాంబులు కూడా మనసులోంచి తీసెయ్. పొద్దున్నే పొలానికి నీళ్ళు పెట్టడానికి వచ్చిన మనిషి ఆ తీగ తగిలి పోయాడన్న వార్తలు ఎన్ని చదవలేదు మనం. చుట్టుపక్కల రైతులంతా కలిసి అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఒకే అర్జీ పెట్టండి, నష్టం ఫొటోలు తేదీలతో జతచెయ్యండి, పరిహారం సంగతి కూడా అందులోనే అడగండి. విడిగా ఒక్కడు వెళ్తే పట్టించుకోకపోవచ్చు, ఊరంతా వెళ్తే ఫైలు కదులుతుంది.

ప్రశ్న: మా పెద్దబాబు తొమ్మిదో తరగతి, ఎయిర్ గన్ కొనిపెట్టాం, మేడ మీద డబ్బాలు కొడుతుంటాడు. గుళ్ళు సీసంవే అంటున్నారు. మరీ భయపడాలా? (గృహిణి, భవానీపురం, విజయవాడ)

జవాబు: భయం వద్దు, పద్ధతి కావాలమ్మా. పిల్లలు గుళ్ళు పెదాల మధ్య పట్టుకుని ఒక్కోటి తీసి గన్‌లో పెడుతుంటారు, అది వెంటనే మాన్పించండి. కాల్చాక చేతులు సబ్బుతో కడగాలి, డబ్బాల వెనక మందపాటి గుడ్డ గానీ బంకమన్ను గానీ పెట్టి గుళ్ళు అక్కడే ఆగేలా చూడండి, నలిగిన గుళ్ళు ఏరి ఒక సీసాలో వెయ్యండి. ఆ మేడ మీదే వడియాలు, ఊరగాయ ముక్కలు ఎండబెట్టకండి. తగరంతో చేసిన సీసం లేని పెల్లెట్లు కూడా ఉన్నాయి, ఖరీదెక్కువ, గట్టిగా ఉంటాయి కాబట్టి గోడకి తగిలి వెనక్కి ఎగురుతాయి, కళ్ళజోడు లేకుండా కాల్చనివ్వకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పండి, గువ్వనో గోరింకనో చిలకనో కొడితే అది కూడా చట్టం దృష్టిలో వేటే. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి ఒక ఆదివారం తీసుకెళ్ళండి, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద వందల కొద్దీ ఉంటాయి, ఊరివాళ్ళే కాపాడుకుంటున్నారు. అరుణాచల్‌లో 2021 నుంచి జనం ఎయిర్ గన్లు తీసుకొచ్చి ప్రభుత్వానికి అప్పగిస్తున్నారు, పక్షులు మిగలాలని. ఆ సంగతి కూడా బాబుకి చెప్పండి.

ప్రశ్న: మేం కృష్ణలో చేపలు పడతాం. విసురు వలకి సీసం గుళ్ళు మేమే పోసుకుంటాం, పాత బ్యాటరీ సీసం కరిగించి. తూటా సీసం ప్రమాదమైతే ఇది కూడానా? (యనమలకుదురు)

జవాబు: వలకి కట్టిన సీసం వల్ల చేప పాడవదు బాబూ, ఆ చేప నిశ్చింతగా తినొచ్చు, అమ్మొచ్చు. ప్రమాదం కరిగించే చోట ఉంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు, అందుకే ఇళ్ళ దగ్గర పోసేస్తారు. బ్యాటరీ ప్లేట్ల మీద ఉండే పొడి, యాసిడ్, కరిగేటప్పుడు లేచే పొగ, ఇవన్నీ ఇంట్లో పిల్లల ఒంట్లోకే పోతాయి. ఆ పొయ్యి మీద, ఆ మూకుడులో మళ్ళీ అన్నం వండితే చెప్పక్కర్లేదు. పాత బ్యాటరీ విప్పడం మానెయ్యండి, 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకి చేరాలి, కొత్త బ్యాటరీ కొన్నప్పుడు పాతది షాపులోనే ఇచ్చేస్తే రేటు తగ్గిస్తారు.

గుళ్ళు పోసినవే కొనుక్కోండి, లేదా అంచుకి సన్నటి ఇనప గొలుసు కట్టి చూడండి, కొంచెం తుప్పు పడుతుంది, బరువు సరిపోవడానికి పొడుగు ఎక్కువ పడుతుంది, కానీ వల బాగానే మునుగుతుంది. ఇంగ్లాండ్‌లో గాలానికి కట్టే చిన్న సీసం గుళ్ళు హంసలు మింగి చచ్చిపోతున్నాయని 1987లోనే నిషేధించారు, బాతులూ హంసలూ మేత అరగడానికి చిన్న రాళ్ళు మింగుతాయి, గుండునీ రాయే అనుకుంటాయి. గట్టు మీద తెగిపడిన గుళ్ళు వదిలెయ్యకుండా ఏరుకోండి. ఇప్పటిదాకా కరిగించిన చోట పిల్లలు ఆడుకుంటూ ఉంటే, ఆ పైమట్టి తీసి దూరంగా పూడ్చి, పిల్లలకి ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. పెద్ద ల్యాబుల్లో చేస్తారు, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ని అడగండి.